గీజరు ఉన్న గదికి ఫ్యాను ఒక్కటే రక్ష కాదు

ఇంటా భద్రత

మన కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసు గొట్టం దగ్గర పని పడితే ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. ముందు పర్మిట్ తీసుకుంటారు. చొక్కాకు కార్బన్ మోనాక్సైడు మానిటరు తగిలించుకుంటారు. బయట మరొకరిని కనిపెట్టి ఉండమని నిలబెడతారు. ఆ గ్యాసులో ఐదో వంతు నుండి నాలుగో వంతు వరకు కార్బన్ మోనాక్సైడు ఉంటుందనీ, దానికి రంగు గాని వాసన గాని లేవనీ శిక్షణ తొలి రోజులలోనే నేర్పుతారు. అంతటి జాగ్రత్త నేర్చిన ఉద్యోగి ఇంటికి వచ్చి గ్యాసు గీజరు వెలిగించి, చిన్న స్నానాల గదిలో తలుపు గడియ వేసుకొని నిశ్చింతగా స్నానం చేస్తాడు. అక్కడ పర్మిట్ లేదు, మానిటరు లేదు, బయట మనిషి లేడు. మంటకు గాలి చాలనినాడు పుట్టే విషవాయువు మాత్రం అదే.

చలికాలం సమీపించినప్పుడల్లా, ముఖ్యంగా ఉత్తరాది టౌన్‌షిప్పులకు బదిలీపై వెళ్ళిన మన కుటుంబాల నుండి, మాకు ఒకే ప్రశ్న వస్తూ ఉంటుంది. "గీజరు గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాము. ఇక భయం లేదు కదా?" అని. ఫ్యాను పెట్టించాలన్న ఆలోచన మంచిదే. అయితే ఫ్యాను ఒక్కటే రక్షణ ఇవ్వదు. కొన్ని సందర్భాలలో ప్రమాదాన్ని పెంచుతుంది కూడా. ఎందుకో ఈ నెల వివరంగా చెప్పదలచాము.

గీజరు ఎంత గాలి తింటుంది?

ముందుగా చిన్న లెక్క. నిమిషానికి 6 లీటర్ల నీటిని 25 డిగ్రీలు వేడెక్కించే గీజరును తీసుకుందాము. గంటకు నీటిలో చేరే వేడి 9,000 కిలో కేలరీలు. కిలో వంట గ్యాసు సుమారు 11,000 కిలో కేలరీలు ఇస్తుంది. గీజరు సామర్థ్యం నూటికి 80 పైచిలుకు అనుకుంటే, అది గంటకు దాదాపు 1 కిలో గ్యాసును కాలుస్తుంది. మన వంటింటి పొయ్యిలను ఐదారింటిని ఒక్కసారిగా పూర్తి మంటతో వెలిగించినట్లన్న మాట. పొయ్యి మీద పాలు కాచేటప్పుడు వంటింటి కిటికీ తెరిచే మనము, ఐదారు పొయ్యిల మంటను స్నానాల గదిలో పెట్టి తలుపులు మూస్తున్నాము.

కిలో వంట గ్యాసు పూర్తిగా కాలడానికి సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. అంటే 10 నిమిషాల స్నానానికి 2 ఘనపు మీటర్లు. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గల గదిలో ఉండే గాలి మొత్తం దాదాపు 8 ఘనపు మీటర్లే. గది పూర్తిగా మూసి ఉంటే, పది నిమిషాలలో నాలుగో వంతు ప్రాణవాయువు ఖర్చవుతుంది. నూటికి 21 పాళ్ళు ఉండవలసిన ఆక్సిజన్ 16 పాళ్ళ దరిదాపులకు దిగజారుతుంది. 18, 19 పాళ్ళ దగ్గరే మంట తీరు చెడి కార్బన్ మోనాక్సైడు వేగంగా పెరగడం మొదలవుతుంది. నిజానికి ఏ గదీ అంత బిగువుగా ఉండదు. కాని చలికి వెంటిలేటరుకు అట్ట అడ్డం పెట్టి, తలుపు కింద గోనె పట్టా కుక్కిన గది ఆ లెక్కకు చాలా దగ్గరగా వస్తుంది.

ఇంకొక సంగతి. మొదట స్నానం చేసినవారికి ఏమీ కాకపోవచ్చు. రెండవ వారికి కొద్దిగా తలనొప్పి రావచ్చు. గదిని ఆరనివ్వకుండా ఒకరి తరువాత ఒకరు వెళితే, చివరి వారి వంతు వచ్చేసరికి గాలి బాగా చెడి ఉంటుంది. మన ఇళ్ళలో చివరగా స్నానానికి వెళ్ళేది సాధారణంగా ఇల్లాలే. అందువలన "నాకేమీ కాలేదు కదా" అనే ఇంటి యజమాని మాటను ప్రమాణంగా తీసుకోరాదు.

ఆ వాయువు ఏమి చేస్తుంది?

రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోసుకుపోతుంది. కార్బన్ మోనాక్సైడు పట్ల దానికి ఉండే ఆకర్షణ ఆక్సిజన్ పట్ల ఉండేదానికి 200 రెట్లకు పైబడి ఉన్నది. ఇతర పారిశ్రామిక విషాల మాదిరిగా ఇది గొంతు మండించదు, కళ్ళ నీళ్ళు తెప్పించదు. తల బరువెక్కడం, కడుపులో తిప్పడం, కాళ్ళలో సత్తువ తగ్గడం దీని లక్షణాలు. గాలిలో 0.16 శాతం ఉంటే 20 నిమిషాలలో తలనొప్పి, తల తిరుగుడు మొదలవుతాయి. 0.64 శాతం ఉంటే 10, 15 నిమిషాలలోనే ప్రాణం పోవచ్చును. అన్నిటికంటె క్రూరమైనది ఏమిటంటే, ప్రమాదం తెలిసేసరికి లేచి నిలబడి గడియ తీసే శక్తి ఉండదు. ప్రాణాపాయం తప్పిన కొందరికి తరువాతి కాలంలో మతిమరుపు, నడకలో తడబాటు వంటి నరాల జబ్బులు వస్తాయి. మన దేశపు నరాల వైద్యులు ఈ తీరు కేసులకు 'గ్యాస్ గీజర్ సిండ్రోమ్' అని పేరే పెట్టారు.

ఫ్యాను ఎందుకు మోసం చేస్తుంది?

ఫ్యాను గాలిని బయటకు నెట్టగలదు గాని, లేని గాలిని సృష్టించలేదు. ఎంత గాలి బయటకు పోవాలో అంత గాలి లోపలికి రావాలి. గంటకు 200 ఘనపు మీటర్లు తోడగలదని డబ్బా మీద వ్రాసిన ఫ్యానును తీసుకోండి. తలుపు మూసిన తరువాత గాలి వచ్చే దారి తలుపు కింద అర అంగుళం సందు మాత్రమే. 30 అంగుళాల తలుపుకు అది 15 చదరపు అంగుళాలు. అంత గాలి ఆ సందులో నుండి రావాలంటే సెకనుకు 5 మీటర్లకు మించిన వేగంతో దూసుకురావాలి. గోడకు బిగించే రెక్కల ఫ్యానుకు అంత పీడనం పుట్టించే శక్తి లేదు. కనుక రెక్కలు గిరగిర తిరుగుతాయి, చప్పుడు వినిపిస్తుంది, గాలి మాత్రం నామమాత్రంగా కదులుతుంది. ఆ చప్పుడే మనకు లేని ధైర్యం ఇస్తుంది.

పొగగొట్టం ఉన్న గీజరు అయితే సంగతి మరింత విపరీతం. కాలిన వాయువులు వేడికి తేలికపడి తమంతట తామే గొట్టంలో పైకి పోవడం దాని పద్ధతి. ఆ బలం చాలా స్వల్పం. అదే గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే గదిలో పీడనం తగ్గుతుంది. గాలికి వేరే దారి లేనందున అది పొగగొట్టం గుండానే లోపలికి వస్తుంది. దానితోపాటు కాలిన వాయువులూ మన మీదికే తిరిగి వస్తాయి. రక్షణ కొరకు పెట్టిన ఫ్యానే విషాన్ని లోపలికి లాగుతుంది. ఇప్పటి ఫ్లాట్లలో వంటింటి పొయ్యి పైన బిగించే విద్యుత్ చిమ్నీ గంటకు 1,000 ఘనపు మీటర్లకు పైగా తోడేటంతటిది. కిటికీలన్నీ మూసి దానిని వేస్తే, దూరాన ఉన్న గీజరు పొగగొట్టాన్ని కూడా ఎదురు తిప్పగలదు.

మూడవ మోసం విద్యుత్తుది. మన ఇళ్ళలోని చాలా గీజర్లు రెండు టార్చి బ్యాటరీలతో నిప్పురవ్వ పుట్టించుకుంటాయి. కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, గీజరు ఆగదు. నురుగు కళ్ళలో పడి, చీకటిలో తడుముకుంటూ ఉన్న మనిషికి ఫ్యాను ఆగిన సంగతి పట్టదు. నీళ్ళు మాత్రం వేడిగానే వస్తూ ఉంటాయి.

సరియైన అమరిక

మేము సూచించే పద్ధతులను వరుసగా చెబుతాము. మొదటిది అన్నిటికంటె మేలైనది.

1. గీజరును స్నానాల గదిలో పెట్టవద్దు. గాలి ధారాళంగా ఆడే వరండాలోనో, వెనుక వైపు గిన్నెలు తోముకునే బాల్కనీలోనో గోడకు బిగించి, వేడినీటి గొట్టాన్ని మాత్రమే స్నానాల గదిలోకి తీసుకురండి. గొట్టం నాలుగు అడుగులు పెరిగితే అయ్యే ఖర్చు ఆసుపత్రి ఖర్చు ముందు లెక్కలోనిది కాదు. అయితే తరువాత ఆ బాల్కనీకి అద్దాలు బిగించి గదిగా మార్చితే మళ్ళీ మొదటికే వస్తామని గుర్తుంచుకోవాలి.

2. అటువంటి చోటు లేకపోతే, లోపలనే ఫ్యాను అమర్చి తయారు చేసిన గీజరును ఎంచుకోండి. ఇందులో ఫ్యాను కాలిన వాయువులను గొట్టం ద్వారా ఇంటి బయటకు నెడుతుంది. గాలి కదలనినాడు గ్యాసును ఆపే మీట లోపల ఉంటుంది. కాని ఇది కూడా మంటకు కావలసిన గాలిని గదిలో నుండే తీసుకుంటుంది కనుక, దీనిని స్నానాల గదిలో కాక గాలి వచ్చే మార్గమున్న వంటింటిలోనో, పక్క గదిలోనో పెట్టాలి.

3. స్నానాల గదిలోనే పెట్టక తప్పదనుకుంటే, గది గాలితో ఏ సంబంధమూ లేని రకం ఒక్కటే అంగీకరించదగినది. ఇందులో ఒక గొట్టంలో మరొక గొట్టం ఉంటుంది. ఒక దారిన బయటి గాలి మంటకు చేరుతుంది, మరొక దారిన కాలిన వాయువులు బయటకు పోతాయి. బ్రిటన్‌లో 1998 నాటి గ్యాసు భద్రతా నియమాలు స్నానాల గదిలో ఈ రకం తప్ప మరొక గ్యాసు పరికరం అమర్చరాదని శాసించాయి.

పొగగొట్టం లేని చిన్న గీజరుకు స్థానిక మేస్త్రీ చేత రేకు గొట్టం చేయించి, చివర ఒక ఫ్యాను తగిలించడం ఎంతమాత్రం పనికిరాదు. ఫ్యాను లాగుడుకు మంట చెదిరి సగం కాలిన గ్యాసు బయటపడుతుంది. గీజరు, గొట్టం, ఫ్యాను ఒకే తయారీదారు ఒకదానికొకటి సరిపడేటట్లు ఇచ్చినవై ఉండాలి.

బిగించేటప్పుడు దగ్గర ఉండి చూడవలసినవి

గాలి వచ్చే దారి: గంటకు 200 ఘనపు మీటర్లు తోడే ఫ్యానుకు సుమారు 10 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు గల ఖాళీ ఉండాలి. తలుపు కింది భాగంలో ఏటవాలు పలకల జాలీ పెట్టిస్తే సరి. పలకలూ, దోమతెర సగం చోటును మింగుతాయి కనుక జాలీని రెట్టింపు సైజులో పెట్టించండి. చలికాలంలో దీనిని మూయకుండా ఉండడం ఇంటిల్లిపాదికీ నియమం కావాలి.

గాలి పోయే దారి: గొట్టం ఆరుబయట ముగియాలి. ఫ్లాట్లలో స్నానాల గదుల వెంటిలేటర్లన్నీ తెరుచుకునే ఇరుకు డక్టులో ముగిస్తే, మన ఇంటి విషం పై అంతస్తు వారి ఇంటికి పోతుంది. కిటికీ కింద గాని, పక్కన గాని దగ్గరగా ముగించరాదు. అమెరికా ఇంధన వాయు నియమావళి ఫ్యానుతో నడిచే ఇటువంటి గొట్టపు మూతి కిటికీకి, తలుపుకు పక్కగా గాని కిందుగా గాని 4 అడుగుల దూరమైనా ఉండాలని చెబుతుంది. ఇంటిని వేడి చేసే గ్యాసు ఫర్నేసులు అక్కడ సర్వసాధారణం. అక్కడ స్థిరపడిన పిల్లల ఇళ్ళకు చలికాలంలో వెళ్ళే విశ్రాంత ఉద్యోగులు ఆ మూతి మంచుతో పూడిపోలేదని చూసుకోవడం మంచిది.

గొట్టం: తయారీదారు చెప్పిన లోహపు గొట్టమే వాడాలి. నీళ్ళకు వాడే ప్లాస్టిక్ గొట్టం వేడికి మెత్తబడుతుంది. వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది. వాన నీరు గీజరులోకి దిగకుండా వాలు తయారీదారు సూచించిన విధంగా ఉండాలి. మూతికి వానతొడుగు, పిచ్చుకలు గూడు పెట్టకుండా జాలి అవసరం. రెండు పరికరాలను ఒకే గొట్టానికి కలపరాదు.

ఫ్యాను ఆగితే మంట ఆగాలి: ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకోదలచిన వారు దీనిని గుర్తుంచుకోండి. మన కర్మాగారంలో ఫర్నేసుకు గాలి పంపే బ్లోయరు ఆగిన మరుక్షణం ఇంధనపు వాల్వు మూసుకుపోతుంది. దానినే ఇంటర్‌లాక్ అంటాము. ఇంటి గీజరుకూ అదే న్యాయం. ఫ్యానుకు విద్యుత్తు ఉన్నదని చూసే మీట చాలదు. గాలి నిజంగా కదులుతున్నదని చూసే మీట కావాలి. గొట్టం మూసుకుపోతే విద్యుత్తు ఉండి కూడా గాలి కదలదు కదా!

విద్యుత్తు: ఫ్యాను, గీజరుల స్విచ్చి స్నానాల గది బయట ఉండాలి. ఎర్తింగు సరిగా ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పనిసరి. విషవాయువు నుండి తప్పించుకోబోయి విద్యుత్ ఘాతానికి గురి కారాదు.

గ్యాసు: సిలిండరు నిలువుగా, గాలి ఆడే చోట ఉండాలి. వంట గ్యాసు గాలికంటె బరువైనది కనుక, కారితే నేలబారుగా పేరుకుంటుంది. ఎల్.పి.జి. గీజరును పైపుల ద్వారా వచ్చే సహజవాయువుకు కలిపేటప్పుడు జెట్లు మార్చవలసి ఉంటుంది. ఆ పని గ్యాసు సంస్థ పనివారే చేయాలి.

స్వయంగా చేయదగిన పరీక్ష

బిగించడం పూర్తయిన తరువాత డబ్బు చేతికి ఇచ్చే ముందు మూడు పరీక్షలు చేయించండి. మొదట, కీళ్ళన్నిటికీ సబ్బు నీరు పూసి బుడగలు రావడం లేదని చూడాలి. రెండవది, గ్యాసు కారడం లేదని రూఢి అయిన తరువాతనే, ఇంటి కిటికీలన్నీ మూసి, వంటింటి చిమ్నీ, ఇతర ఫ్యానులు అన్నీ వేసి గీజరు నడపండి. వెలిగించిన అగరువత్తిని గీజరు చుట్టూ, గొట్టపు కీళ్ళ దగ్గర నెమ్మదిగా తిప్పండి. పొగ ఎక్కడైనా గీజరు నుండి గదిలోకి నెట్టబడుతున్నట్లు కనిపిస్తే అమరిక పనికిరాదు. మూడవది, గీజరు మండుతూ ఉండగా ఫ్యానుకు విద్యుత్తు ఆపండి. కొద్ది సెకన్లలో మంట ఆరిపోవాలి. ఆరకపోతే ఆ గీజరును వాడవద్దు.

మంట రంగునూ గమనిస్తూ ఉండండి. నీలిరంగు మంట ఆరోగ్యానికి గుర్తు. పసుపు కొనలు, గీజరు పైన మసి కనిపిస్తే నిపుణుని పిలిపించాలి. ఏడాదికి ఒకసారి, చలికాలానికి ముందు, బర్నరు శుభ్రం చేయించడం అలవాటు చేసుకోండి.

అమరిక మార్చే వరకు

ఇప్పటికే స్నానాల గదిలో గీజరు ఉన్నవారు రేపటి ఉదయం ఏమి చేయాలి? మన పాత అలవాటు ఒకటి ఇక్కడ ప్రాణం కాపాడుతుంది. తలుపు, కిటికీ బార్లా తెరిచి, బకెట్టు నింపుకొని, గీజరు పూర్తిగా ఆపండి. కొద్ది నిమిషాలు గది గాలి మారనివ్వండి. ఆ తరువాతనే స్నానం చేయండి. గీజరు మండుతూ ఉండగా తలుపు మూయవద్దు, షవరు కింద నిలబడవద్దు. పిల్లలు, గర్భిణులు, వృద్ధుల విషయంలో ఇది మరింత ఖచ్చితంగా పాటించాలి.

కార్బన్ మోనాక్సైడు అలారాలు బజారులో దొరుకుతున్నాయి. వంట గ్యాసు కారినప్పుడు మోగే అలారము వేరు, ఇది వేరు. ఒకటి ఉన్నదని రెండవది మానరాదు. దీనిని ఆవిరి తగలకుండా గది బయట పెట్టండి. దాని సెన్సారుకు ఆయుర్దాయం ఉంటుంది కనుక డబ్బా మీది గడువు చూసి మార్చాలి. అలారము అదనపు కాపలా మాత్రమే, సరియైన అమరికకు బదులు కాదు.

ప్రమాదమే జరిగితే

లోపలి వారు పిలుపుకు పలకకపోతే తలుపు పగులగొట్టడానికి జంకవద్దు. తలుపు, కిటికీలు తెరిచి, గ్యాసు మూసి, మనిషిని ఆరుబయటకు చేర్చండి. శ్వాస ఆడకపోతే తెలిసినవారు కృత్రిమ శ్వాస, గుండె మర్దన మొదలుపెట్టాలి. అంబులెన్సుకు 108 గాని 112 గాని తిప్పండి. వైద్యునితో మొదటి మాటగా "గ్యాసు గీజరు నడుస్తున్న గదిలో పడిపోయారు" అని చెప్పండి. మామూలు గాలిలో రక్తంలోని ఆ విషం సగానికి తగ్గడానికి 4, 5 గంటలు పడితే, స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంటన్నర లోపలే తగ్గుతుంది. ఆలస్యం కూడదు.

2020 నాటి కోవిడ్ కాలం నుండి చాలా ఇళ్ళలో వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉన్నది. ఇక్కడ దానిని నమ్మవద్దు. కార్బన్ మోనాక్సైడు పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చదివి 98 అని చూపవచ్చును. అంకె బాగున్నదని మనిషిని పడుకోబెడితే ప్రాణానికే ముప్పు.

ముగింపుగా ఒక మనవి. ఈ పేజీని ఇంటిలో అందరూ చదవాలి. చదవలేని పెద్దలకు చదివి వినిపించాలి. ఈ ఆదివారం అరగంట తీరిక చేసుకొని, గాలి వచ్చే దారి ఎక్కడ, పోయే దారి ఎక్కడ, ఫ్యాను ఆగితే మంట ఆగుతుందా అనే మూడు ప్రశ్నలను మీ గీజరు ముందు నిలబడి వేసుకోండి. మూటిలో ఒక్కదానికి జవాబు లేకపోయినా, జవాబు దొరికే వరకు తలుపు తెరిచి బకెట్టు నింపుకొనే పద్ధతినే పాటించండి.

వచ్చే నెల ఇదే శీర్షికలో వంట గ్యాసు రబ్బరు గొట్టాలు, రెగ్యులేటర్ల గురించి ముచ్చటిస్తాము.